ఈక తడవకూడదు

చెరువులో బాతు మునిగి తేలడం మీరు చూసే ఉంటారు. తల నీళ్లలో పెట్టి, తోక ఆకాశానికెత్తి, అడుగున బురదలో ఏదో వెతుక్కొని మళ్లీ పైకి వస్తుంది. ఒక్కసారి ఒళ్లు విదిలిస్తుంది. నీళ్లన్నీ ముత్యాల్లా జారిపోతాయి. పొద్దస్తమానం నీళ్లలో ఉన్నా దాని చర్మానికి తడి తగలదు. మీరు ఒక్క గంట చెరువులో దిగి చూడండి! వేళ్ల కొసలు ముడతలు పడతాయి, పళ్లు టకటకలాడతాయి, ఇంటికెళ్లాక చీవాట్లు సరేసరి.

బాతుకు ఆ వానకోటు ఎలా వచ్చింది? అది పాడైతే ఏమవుతుంది? పాడైన కోటును మనుషులు బాగుచేసి, ఆ పక్షిని మళ్లీ దాని నీళ్లలోకి పంపగలరా?

మొదటి రెండు ప్రశ్నలకు జవాబు మీ పెరట్లోనే దొరుకుతుంది. మూడో దానికి మాత్రం దక్షిణాఫ్రికా దాకా వెళ్లాలి. అక్కడ 2000 సంవత్సరంలో పన్నెండు వేలమందికి పైగా మామూలు మనుషులు వచ్చి, జీతం బత్తెం లేకుండా పక్షులకు స్నానాలు చేయించారు. ఆ పక్షులు బాతులు కావు, పెంగ్విన్లు.

ముందుగా పెరట్లోకి వెళదాం.

కోడి ఈకతో ఒక ప్రయోగం

రాలిపడిన కోడి ఈకలు మూడు తీసుకోండి. కాస్త పెద్దవి, రెక్కవైతే మేలు. ఒక ఈకను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మధ్యలో కాడ ఉంటుంది. దానికి రెండు పక్కలా దువ్వెన పళ్లలాగా సన్నటి పోగులు ఉంటాయి. ఒకచోట పోగుల్ని వేళ్లతో విడదీయండి. సందు ఏర్పడుతుంది. ఇప్పుడు కింది నుంచి పైకి వేళ్లతో మెల్లగా దువ్వండి. సందు మూసుకుపోయింది కదూ! ప్రతి పోగుకూ ఇంకా సన్నటి పిల్లపోగులు ఉంటాయి. ఒక వరుస పిల్లపోగులకు కంటికి కనిపించనంత చిన్న కొక్కేలు ఉంటాయి. అవి పక్క వరుసను పట్టుకుంటాయి. మీ సంచికి ఉండే జిప్పు పనిచేసేదీ ఇంచుమించు ఈ పద్ధతిలోనే. పక్షి రోజంతా ముక్కుతో ఈకలు సవరించుకుంటూ కూర్చునేది అలంకరణ కోసం కాదు, ఊడిన జిప్పులన్నీ మళ్లీ వేసుకోవడానికి.

ఇప్పుడు ఆ ఈక మీద ఒక నీటిచుక్క వేయండి. గుండ్రంగా నిలుస్తుంది, వంచితే దొర్లిపోతుంది. గొడుగు బట్టను తలచుకోండి. అందులోనూ పోగుల మధ్య సందులుంటాయి, కాని నీటికి ఉన్న తలతన్యత వల్ల చుక్క ఆ సందుల్లోకి దిగలేదు. పక్షి తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి నూనె తీసి ఈకలకు పూసుకుంటుందనీ, అందుకే తడవదనీ చాలామంది అనుకుంటారు. ఆ నూనె ఈక పెళుసెక్కకుండా కాపాడుతుంది, నిజమే. కాని నీటిని ఆపేది ముఖ్యంగా ఈక అల్లికే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

రెండో ఈకకు వాడేసిన యంత్రపు నూనె ఒక చుక్క పూయండి. సైకిలు దుకాణంలో అడిగితే ఇస్తారు. పోగులన్నీ గుత్తులు గుత్తులుగా అతుక్కుపోతాయి. గుత్తికీ గుత్తికీ మధ్య పెద్ద పెద్ద సందులు కనిపిస్తాయి. ఎంత దువ్వినా మూసుకోవు. గొడుగు చిరిగినట్టే.

మూడో ఈకను చిక్కటి సబ్బునీళ్లలో ముంచి, కడగకుండా అలాగే ఆరబెట్టండి. ఆరాక నీటిచుక్క వేయండి. ఈసారి చుక్క గుండ్రంగా నిలవక పరుచుకుంటుంది. సబ్బు నీటి తలతన్యతను తగ్గించేస్తుంది. అంటే జిడ్డు పట్టిన ఈక ఎంత పనికిరానిదో, సబ్బు మిగిలిన ఈకా అంతే పనికిరానిది.

ఇక బయలుదేరదాం.

మంచు లేని చోట పెంగ్విన్లు

"దక్షిణాఫ్రికాలో పెంగ్విన్లేమిటి? అవి మంచు ఖండంలో కదా ఉండేది!" అని మీకు అనుమానం రావచ్చు. పెంగ్విన్లలో చాలా జాతులు మంచు ముఖం చూడనే చూడవు. ఆఫ్రికా పెంగ్విన్ దక్షిణాఫ్రికా, నమీబియా తీరాల్లో మాత్రమే గూళ్లు పెడుతుంది. రెండడుగులకు కాస్త పైన ఎత్తు, సుమారు మూడు కిలోల బరువు ఉంటుంది. కూత అచ్చం గాడిద ఓండ్రే. అక్కడి సముద్రంలో దక్షిణం నుంచి బెంగ్వేలా అనే చల్లటి ప్రవాహం వస్తుంది. నీటి ఉష్ణోగ్రత సుమారు 12 నుంచి 15 డిగ్రీల సెంటీగ్రేడు. పక్షి ఒంటి వేడి 39 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య అడ్డుగా ఉన్నది ఈకల కింద నిలిచే పలుచటి గాలిపొర. ఈక తడిస్తే ఆ గాలి బయటికి పోతుంది. గాలి పోతే వేడి పోతుంది, నీటిమీద తేలే శక్తీ తగ్గుతుంది.

ఆఫ్రికా కొస ఓడలకు పెద్ద దారి. 1967 యుద్ధంలో సూయజ్ కాలువ మూతపడింది. 1975 దాకా తెరవలేదు. అంతకాలమూ నూనె ఓడలు ఆఫ్రికాను చుట్టి పోవలసి వచ్చింది. ఓడలు పెరిగితే ప్రమాదాలూ పెరుగుతాయి గదా. 1968లో ఎస్సో ఎసెన్ అనే ఓడ నుంచి నూనె కారి పెంగ్విన్లకు అంటుకున్నది. కేప్‌టౌన్‌లో ఆల్తియా వెస్ట్‌ఫాల్ అనే ఆమె కొన్ని పక్షుల్ని ఇంటికి తెచ్చి బాగుచేసింది. ఆ ఏడే తీరపు పక్షుల కోసం ఒక సంస్థను స్థాపించింది. దాని పొడి పేరు సాంకాబ్. ఇప్పటికీ పనిచేస్తున్నది.

ఆ రోజుల్లో ఈ పనిని నమ్మినవాళ్లు తక్కువ. కారణం లేకపోలేదు. 1967లోనే ఇంగ్లండు తీరాన టోరీ కాన్యన్ అనే ఓడ పగిలినప్పుడు జనం వేలాది పక్షుల్ని పట్టి కడిగారు. వాటిలో బతికి బట్టకట్టినవి బహుకొద్ది. కడిగేవాళ్ల మనసు మంచిదే, కాని ఈక సంగతి అప్పటికి వాళ్లకు తెలియదు.

జూన్ 23

2000 జూన్ 23న ట్రెజర్ అనే ఓడ ఇనుప ఖనిజం మోసుకుంటూ వెళుతూ కేప్‌టౌన్ దగ్గర మునిగిపోయింది. దాని ఇంధనపు తొట్లలో సుమారు 1,300 టన్నుల నూనె ఉంది. మునిగింది ఎక్కడనుకున్నారు? రాబెన్ దీవికీ డాసెన్ దీవికీ మధ్య. రాబెన్ దీవి పేరు మీరు విని ఉంటారు, నెల్సన్ మండేలాను ఏళ్ల తరబడి బంధించిన దీవి అది. ఈ రెండూ ఆఫ్రికా పెంగ్విన్ల పెద్ద స్థావరాలు. ఆ జాతి మొత్తంలో నూటికి నలభై వంతులు అప్పుడు ప్రమాదంలో పడ్డాయని లెక్క వేశారు. పైగా అక్కడ జూన్ నెల చలికాలం, పెంగ్విన్లు గూళ్లు పెట్టే కాలం. గూళ్లలో గుడ్లూ పిల్లలూ ఉన్నాయి.

సుమారు 19,000 పెంగ్విన్లకు నూనె అంటుకున్నది. వాటినన్నిటినీ పట్టి, గాలి ఆడే పెట్టెల్లో పెట్టి ఊళ్లోకి తెచ్చారు. "గాలి ఆడే" అన్న మాట దాటేసి చదవకండి. ఆరేళ్ల ముందు, 1994లో అపోలో సీ అనే ఓడ మునిగినప్పుడు సుమారు పదివేల పెంగ్విన్లకు నూనె పట్టింది. అందులో సగం దాకా చనిపోయాయి. వాటిలో చాలా పక్షులు కడగడానికి ముందే, ఇరుకు బళ్లలో వేడికీ ఉక్కకీ తాళలేక పోయాయి. పెట్టెలకు రంధ్రాలు ఎందుకుండాలో అప్పుడు తెలిసింది. ఆ తెలివికి పెంగ్విన్లు చెల్లించిన ధర అది.

సాంకాబ్ ఆవరణ చాలలేదు. సాల్ట్ రివర్ అనే పేటలో రైలు పెట్టెలు బాగుచేసే పాత షెడ్డు ఒకటి ఖాళీగా ఉంటే, అందులో తాత్కాలికపు నీటితొట్లు, దడులు కట్టి వేలకొద్దీ పక్షుల్ని ఉంచారు. పక్షుల్ని బాగుచేయడంలో అనుభవమున్నవాళ్లు అమెరికా వగైరా దేశాల నుంచి వచ్చి పడ్డారు. మిగతా పనంతా ఊరివాళ్లది.

వెంటనే కడగకూడదు!

నూనె పట్టిన పక్షిని చూస్తే మీకు ఏమనిపిస్తుంది? వెంటనే కడిగేయాలనిపిస్తుంది కదూ? అదే పెద్ద పొరపాటు.

ఆ పక్షి రోజుల తరబడి తిండి లేకుండా ఉంది. చలికి వణుకుతూ ఒడ్డెక్కి కూర్చుంది. ముక్కుతో ఈకలు సవరించుకుంటూ నూనెను మింగింది. ఆ నూనె పేగుల్ని పుండ్లు చేస్తుంది, రక్తంలో ఎర్రకణాల్ని పగలగొడుతుంది. ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది. అలాంటి పక్షిని పట్టుకొని గంటసేపు తొట్టిలో రుద్దితే భయానికే ప్రాణం పోతుంది. అందుకని ముందు గొట్టంతో నేరుగా పొట్టలోకి లవణాలు కలిపిన నీళ్లు పోస్తారు. మింగిన నూనెను పీల్చుకోవడానికి ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గుపొడి ఇస్తారు. రక్తం పట్టడానికి ఇనుము ఇస్తారు. పక్షి కోలుకున్నదని పరీక్షల్లో తేలాకే స్నానం.

ఇక తిండి. పెంగ్విన్ సముద్రంలో కదిలే చేపను వెంటాడి పట్టుకుంటుంది. మంచుగడ్డలోంచి తీసిన చచ్చిన చేపను దాని ముందు పెడితే అది తిండి అని దానికి తెలియదు. కాబట్టి ఒక మనిషి నేలమీద కూర్చొని, పక్షిని మోకాళ్ల మధ్య ఇరికించుకొని, ముక్కు తెరిచి, చేపను తలవైపు నుంచి లోపలికి తోయాలి. తోకవైపు నుంచి తోస్తే మొప్పలూ ముళ్లూ గొంతుకు అడ్డుపడతాయి. చేప కవళ్ల జాతిది, మన కోస్తా జిల్లాల్లో బాగా తెలిసిందే. కవళ్లను మంచులో నిలవచేస్తే బి1 విటమిన్ పోతుంది. అందుకని చేప మొప్పలో విటమిన్ మాత్ర దాచి తినిపిస్తారు. ఇంత సేవ చేస్తుంటే ఆ పక్షి ఏం చేస్తుందంటారా? కొరుకుతుంది! ముక్కు కొస కొక్కెంలా వంగి, అంచులు కత్తుల్లా ఉంటాయి. సేవకులు దళసరి రబ్బరు గుడ్డతో చేతి తొడుగులు కుట్టుకున్నారు. అయినా మోచేతుల నిండా గాట్లే. కృతజ్ఞత ఆశించేవాళ్లకు పనికొచ్చే ఉద్యోగం కాదు.

ఒక లెక్క వేయండి. పక్షికి రోజుకు 300 గ్రాముల చేప అనుకుంటే 19,000 పక్షులకు ఎన్ని టన్నులు? దాదాపు ఆరు టన్నులు. అదీ ఒక్క రోజుకు! అంతా చేత్తో తినిపించాలి.

స్నానం ఇలా ఉంటుంది. ముందు వంటనూనె చల్లుతారు. నూనె మీద నూనె ఏమిటని నవ్వకండి. ఎండి గట్టిపడిన తారులాంటి నూనె వంటనూనెలో కరిగి వదులవుతుంది. తరువాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవసబ్బు కలిపి, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు రుద్దుతారు. నీళ్లు నల్లబడగానే రెండో తొట్టి, మూడో తొట్టి. కళ్ల చుట్టూ, తలమీదా పళ్లు తోముకునే బ్రష్షు వాడతారు. ఆఖరున చిమ్మే నీటిధార కింద సబ్బు పూర్తిగా పోయేదాకా కడుగుతారు. మీ మూడో ఈక గుర్తున్నదా? ఒక్క పిడికెడంత చోట సబ్బు మిగిలినా ఆ పక్షి మళ్లీ తడుస్తుంది. అందుకే రుద్దడం కన్నా జాడించడానికే ఓపిక ఎక్కువ కావాలి.

ఒక పక్షికి ఇద్దరు మనుషులు, ఒక గంట. 19,000 పక్షులకు 38,000 గంటలు. ఒకే మనిషి రోజుకు ఎనిమిది గంటలు, ఆదివారం కూడా సెలవు లేకుండా చేస్తే పదమూడేళ్లు పడుతుంది. పన్నెండు వేలమంది ఎందుకు కావలసి వచ్చారో ఇప్పుడు తెలిసింది గదా.

కడిగినంత మాత్రాన పని అయిపోలేదు. ఈకల్ని మళ్లీ అల్లుకోవడం పక్షే చేసుకోవాలి. దీపాల వేడిలో ఆరాక రోజూ కొంతసేపు ఈతకు వదులుతారు. మొదట్లో కాసేపటికే తడిసి వణుకుతూ బయటికి వస్తుంది. వచ్చి ఈకలు సవరించుకుంటుంది. మర్నాడు ఇంకొంచెం సేపు. చాలాసేపు నీళ్లలో ఉండి వచ్చిన పక్షి రొమ్ముమీద ఈకల్ని విడదీసి చూస్తే కింద నూగు పొడిగా ఉండాలి. బరువు సరిపోవాలి. రక్తం బాగుండాలి. అప్పుడే సముద్రం. పట్టి తెచ్చిన వాటిలో సుమారు రెండు వేల పక్షులు దక్కలేదు. నూటికి తొంబైకి తగ్గకుండా తిరిగి వెళ్లాయి.

కడగకుండా కాపాడినవి

ఇంకా నూనె అంటని పెంగ్విన్లు మరో 19,500 ఆ దీవుల్లోనే ఉన్నాయి. వాటిని అక్కడే వదిలేస్తే ఆకలికి నీళ్లలో దిగి అవీ నల్లబడతాయి. పట్టి బంధిస్తే వాటికీ తిండి పెట్టాలి. అంతమంది మనుషులెక్కడ? అందుకని వాటిని లారీలకెత్తి ఎనిమిది వందల కిలోమీటర్ల దూరాన పోర్ట్ ఎలిజబెత్ దగ్గర సముద్రంలో వదిలేశారు. హైదరాబాదు నుంచి ఇచ్ఛాపురం దాకా ఇంచుమించు అంత దూరం ఉంటుంది. (ఆ ఊరి పేరు 2021లో గ్కెబెర్హా అని మారింది.) పెంగ్విన్ తన గూటిని మరచిపోదు, ఎంత దూరమైనా ఈదుకుంటూ వస్తుందని శాస్త్రజ్ఞులకు తెలుసు. అవి ఇంటికి చేరేలోగా ఇక్కడ తీరాన్ని శుభ్రం చేయవచ్చు!

మూడు పక్షులకు ఉపగ్రహం పసిగట్టగల చిన్న యంత్రాలు అతికించి పీటర్, పర్సీ, పమేలా అని పేర్లు పెట్టారు. అవి రోజుకెంత దూరం వచ్చాయో లోకమంతా చూసింది. రెండు మూడు వారాల్లో ఇల్లు చేరాయి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన ఉపాయం ఇదే. పక్షికి తెలిసిన విద్యనే పక్షిని కాపాడటానికి వాడుకున్నారు.

పిల్లలు

తల్లిదండ్రుల్ని ఎత్తుకుపోయాక గూళ్లలో మిగిలిన పిల్లల్ని, మూడు వేలకు పైగా, చేత్తో పెంచారు. పిల్ల పెంగ్విన్ ఒంటి మీద ఉండేది గోధుమరంగు నూగు. అది నీటిని ఆపదు. కాబట్టి అసలు ఈకలు వచ్చేదాకా పిల్ల సముద్రంలోకి దిగలేదు, పెద్దవి తెచ్చి పెట్టవలసిందే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దీనికి నూనెతో పనిలేదు. చాలా పక్షులు ఈకల్ని కొన్ని కొన్నిగా రాల్చి కొత్తవి తెచ్చుకుంటాయి. పెంగ్విన్ అలా కాదు. ఏడాదికొకసారి మొత్తం కోటు ఒకేసారి మారుస్తుంది. ఆ సుమారు మూడు వారాలూ నీళ్లలోకి దిగితే తడుస్తుంది కనుక ఒడ్డునే పస్తుంటుంది. బరువు సగానికి దగ్గరగా తగ్గిపోతుంది. అందుచేత ముందే బాగా తిని కొవ్వు పెంచుకోవాలి. సముద్రంలో చేప తగ్గిన ఏడాది పిల్లలు ఆలస్యంగా పెరుగుతాయి. ఈకలు రాల్చే వేళ ముంచుకొస్తుంది. అప్పుడు పెద్ద పక్షి ఏం చేయాలి? పిల్లల్ని గూట్లో వదిలి వెళ్లిపోతుంది. దాన్ని తప్పుపట్టలేము. పిల్లల కోసం ఆగితే అదీ చస్తుంది, పిల్లలూ చస్తాయి.

2006 నుంచి సాంకాబ్ అలాంటి పిల్లల్ని తెచ్చి పెంచుతున్నది. రోజూ తూకం వేస్తారు. మొదట చేపను మెత్తగా రుబ్బి జావలా చేసి సిరంజితో పోస్తారు. పెరిగిన కొద్దీ చిన్న చేపలు, తరువాత పెద్దవి. నీలిరంగు ఛాయలో అసలు ఈకలు వచ్చి, ఒళ్లు తడవకుండా ఈదగలిగిన రోజున గుంపుగా తీసుకెళ్లి తీరాన వదులుతారు.

ఇలా పెరిగిన పిల్లలు నిజంగా బతుకుతాయా? టోరీ కాన్యన్ రోజుల నాటి అనుమానం ఇది. సరైన అనుమానమే. వదిలిన పక్షుల లెక్కతో సంబరపడితే చాలదు, ఆ తరువాత ఏమైందో చూడాలి. ట్రెజర్ తరువాత చేత్తో పెంచిన పిల్లలకు గుర్తులు వేసి ఏళ్ల తరబడి గమనించారు. గూట్లో తల్లిదండ్రులు పెంచిన పిల్లలతో సమానంగా అవి బతికి, పెరిగి, పిల్లల్ని కన్నాయి. నూనె కడిగించుకున్న పెద్ద పక్షుల సంగతి అంత బాగా లేదు. అవి బతికాయి, గూళ్లూ పెట్టాయి, కాని నూనె ఎన్నడూ అంటని పక్షులతో పోలిస్తే వాటి పిల్లల్లో దక్కినవి తక్కువ.

ఇంత చేసినా ఆఫ్రికా పెంగ్విన్లు తగ్గిపోతూనే ఉన్నాయి. ఇప్పుడు ఉన్నవి పదివేల జంటలకు లోపే. 2024లో ఈ జాతిని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల పట్టికలో చేర్చారు. కవళ్లూ నెత్తళ్లూ తగ్గిపోవడం ముఖ్య కారణం. ఎంతమంది సేవకులు వచ్చినా సముద్రంలో లేని చేపను తెచ్చి పోయలేరు. 2025 మార్చిలో అక్కడి న్యాయస్థానం ఆరు స్థావరాల చుట్టూ పెద్ద వలలతో ఈ చేపలు పట్టకూడదని పదేళ్లపాటు ఆంక్ష పెట్టింది. దాని ఫలితం తేలడానికి ఏళ్లు పడుతుంది.

పూర్వం పెంగ్విన్ రెక్కకు లోహపు పట్టీ తొడిగి గుర్తు పెట్టేవారు. ఈ మధ్య బియ్యపుగింజంత యంత్రాన్ని చర్మం కింద పెడుతున్నారు. కొన్ని స్థావరాల్లో పెంగ్విన్లు నడిచే బాటలో నేలలో ఒక గ్రాహకాన్ని పాతి ఉంచారు. సాయంత్రం పొట్టనిండా చేపతో ఒక పక్షి ఊగుతూ ఊగుతూ దాన్ని దాటి తన గూటికి వెళుతుంది. దాని అంకె నమోదవుతుంది. ఆ అంకె ఎన్నేళ్ల కిందట ఎవరి చేతుల్లో పెరిగిన పిల్లకు ఇచ్చినదో పుస్తకం తీసి చూసుకోవచ్చు.